థర్మకోల్ పోశెట్టి మేడగది

నిజామాబాద్ వెళ్లొచ్చానని తెలిసినప్పటి నుంచి మా అనకాపల్లిలో ఎదురైన ప్రతివాడూ పసుపు తెచ్చావా అని అడుగుతున్నాడు. తేలేదు. నేను వెళ్లింది ఒక గోడ చూడ్డానికి. గోడ చూడ్డానికి అంత దూరమా అని నవ్వినవాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పి విసిగిపోయాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను తాపీమేస్త్రిని. బడి చదువు ఏడో తరగతితో ఆగింది. మిగతాదంతా మా ఊరి శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్ష. ఇళ్ల నిర్మాణం మీద అక్కడి బీరువాలో ఉన్న పుస్తకాల్లో నేను తెరవనిది లేదు. ఈ మాట గొప్పకే చెబుతున్నాను, నాకు ఇంకో గొప్ప లేదు కనుక.

రెండేళ్ల కిందట మా ఊళ్లో బెల్లం నిలవ పెట్టే కోల్డ్ స్టోరేజీ కట్టారు. గచ్చు పని నాది. లోపల నురుగు పలకలు బిగించడానికి నిజామాబాద్ నుంచి ఒక ముఠా వచ్చింది. అందులో పోశెట్టి ఒకడు. నలభై ఏళ్లవాడు, మాటకారి. పని అయ్యాక సాయంత్రాలు నాతో గ్రంథాలయానికి వచ్చేవాడు. అక్కడే ఒకరోజు అతనికి ఒక అధ్యాయం చదివి వినిపించాను. నురుగు చలిని ఆపడానికే కాదు, బరువు మొయ్యడానికి కూడా పనికొస్తుందని అందులో ఉంది.

చూడనివాళ్ల కోసం చెబుతాను. టీవీ డబ్బాలో అడుగున వస్తుందే, ఆ తెల్లటి థర్మకోలే ఇది. జానెడుకు కాస్త తక్కువ మందం ఉన్న పలకకు రెండు పక్కలా ఇనప తీగల వల బిగిస్తారు. పలక గుండా అడ్డతీగలు దూర్చి రెండు వలలనూ కలుపుతారు. నిలబెట్టాక రెండు వైపులా సిమెంటు పూత పూస్తారు. మోసేది ఆ రెండు పూతలే. నురుగు చేసేదల్లా వాటిని ఒకదానికొకటి దగ్గర కాకుండా, దూరం పోకుండా, వంగకుండా పట్టి ఉంచడం. నురుగును ఒంటరిగా తీసుకుంటే వేలితో గుచ్చొచ్చు. రెండు పూతల మధ్య పెడితే కప్పు మోస్తుంది. ఇటుక గోడ బరువులో చిన్న వంతే దీని బరువు. పలకను ఇద్దరు మనుషులు నెత్తిన పెట్టుకుని మెట్లెక్కొచ్చు. రోడ్ల కింద పల్లం పూడ్చడానికి, స్లాబుల బరువు తగ్గించడానికి కూడా దీన్ని వాడతారు.

పోశెట్టి ఆ అధ్యాయం రెండుసార్లు చదివించుకున్నాడు. బొమ్మను ఫోన్‌లో తీసుకున్నాడు. నిరుడు ఫోన్ చేసి, "కట్టిన మేస్త్రన్నా" అన్నాడు. ఈ భాద్రపదంలో మళ్లీ చేశాడు. "గోడకు సన్నగ నెర్రె వడ్డది. ఎవ్వరికి జెప్పలె. నువ్వొచ్చి సూడాలె."

స్టేషన్ బయట

తెల్లారి దిగేసరికి ముసురు. స్టేషన్ బయట చాయ్ పది రూపాయలు. మా దగ్గర అదే డబ్బుకు గ్లాసు నిండుతుంది, ఇక్కడ నాలుగు గుక్కలే, కానీ పాలు చిక్కన. పక్కన నిలబడ్డ ఆటోవాళ్లు ఒకే వాక్యంలో సగం ఉర్దూ, సగం తెలుగు మాట్లాడుకుంటున్నారు. తిట్లు ఉర్దూలో, లెక్కలు తెలుగులో. ఊరంతా పసుపు వాసన వేస్తుందని ఊహించుకున్నాను. తడిసిన సిమెంటు, డీజిలు తప్ప ఏమీ తగల్లేదు.

పోశెట్టి చెప్పిన వాడకు నడిచే వెళ్లాను. సందులో ఏ గడప చూసినా ఒడిలో చాట పెట్టుకుని ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు. తునికాకు కత్తిరించడం, చిటికెడు తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం. తల ఎత్తకుండానే పక్కింటామెతో మాట్లాడతారు, వీధిలో పోయేవాణ్ణి చూస్తారు, చేతులు మాత్రం ఆగవు. మా వైపు ఆ వేళకు అరుగుల మీద కబుర్లు వినిపిస్తాయి. ఇక్కడ కబుర్ల కింద కత్తెర్ల చప్పుడు ఎడతెగకుండా ఉంటుంది, రేకుల మీద చినుకుల్లా.

ఒక ముసలాయన్ని పోశెట్టి ఇల్లెక్కడ అని అడిగాను.

"ఏ పోశెట్టి? థర్మకోల్ పోశెట్టా?"

అవునన్నాను.

"గా మూల మీద, పైన తెల్లగ గొడతది సూడు, గదే. జల్ది పో. గట్టిగ గాలొస్తె మహారాష్ట్రల దిగుతది." చాటల వెనక నుంచి ఇద్దరు ముగ్గురు నవ్వారు.

మేడగది

కింద ఇల్లు తాతల నాటిది. రాయి, మట్టి గోడలు. వాటి మీద ఇటుక మేడ వేస్తే కింద గోడ కూర్చుంటుందని ఏ మేస్త్రీ ఒప్పుకోలేదట. పోశెట్టి నురుగుతో కట్టడానికి కారణం అదే. ఆ మేడగది అతనికి కాదు, వాళ్ల అక్క సాయవ్వకు.

సాయవ్వ యాభై అయిదు దాటిన మనిషి. భర్త పోయాక పుట్టింటికి వచ్చింది. తల్లి కూడా పోతే పోశెట్టిని పెంచింది ఈమే. బీడీలు చుట్టే పెంచింది. కింద వెనక గదిలో ఉండేది. ఆ గదికి కిటికీ లేదు. నేను తొంగి చూశాను. తలుపు తీస్తే వచ్చే వెలుతురు తప్ప వెలుతురు లేదు. గోడలకు చెమ్మ, చెమ్మకు తంబాకు పొడి అంటుకుని నల్లటి పొర. అక్కడ పదేళ్లు కూర్చుని చుట్టి ఆమె దగ్గు తెచ్చుకుంది. గాలి ఆడే చోట ఉండాలని డాక్టరు చెప్పాడు. మేడ మీదికి మారాక దగ్గు సగమైందని పోశెట్టి అన్నాడు. ఆ గది పోతే ఆమె మళ్లీ ఈ చీకట్లోకి దిగాలి. ఇంట్లో ఇంకో చోటు లేదు.

మేం పైకి వెళ్లేసరికి సాయవ్వ చుడుతూనే ఉంది. గది సన్నగా పొడుగ్గా ఉంది, రెండు కిటికీలు. ఒక చివర పరుపు చుట్ట. పొడుగు గోడ పొడవునా బీడీ కట్టలు వరసగా పేర్చి ఉన్నాయి. వాటి మధ్య గోడకు ఆనించి చిన్న కుంపటి, బొగ్గులు ఎర్రగా.

"గీయన్నేనా నీకు పుస్తకం సదివి ఇనిపించినాయన?" అని తమ్ముణ్ణి అడిగింది. తర్వాత నాతో, "కూసో తమ్మీ. నీ పుణ్యాన కిటికి సూస్తున్న. పదేండ్లకు మబ్బెట్లుంటదో ఎరుకైంది" అంది.

ఎవరైనా ఆ మాటకు పొంగిపోతారు. నేను కూడా పొంగిపోయాను. తర్వాత గోడ చూశాను.

నెర్రె మోకాలెత్తున అడ్డంగా పోయింది, వెంట్రుక మందం. ఎండకు పూత పగిలితే గీతలు అడ్డదిడ్డంగా వస్తాయి. ఇది దారం పట్టి గీసినట్టు ఒకే ఎత్తున ఉంది. పిడికిలితో తట్టాను. ఛాతీ ఎత్తున ధప్ ధప్ అని నిండు చప్పుడు. వంగి మోకాలి కింద తట్టాను. డబడబ అంది, ఖాళీ డబ్బా లాగా. రెండడుగులు జరిగి తట్టాను. అదే. గోడ ఈ చివర నుంచి ఆ చివర దాకా, నేల నుంచి మోకాలి దాకా, అదే. సంచిలోంచి నిలువు చూసే తూకంగుండు తీసి వేలాడదీశాను. గోడ బొటనవేలి మందాన బయటికి ఉబ్బింది. కప్పు బరువులో సగం ఈ గోడ మీదే ఉంది.

పోశెట్టి నా మొహం చూస్తున్నాడు. మెట్ల మీదికి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "ఎలుకలా అన్నా?" అన్నాడు.

"ఏటో తెలీదు. లోపల నురుగు లేదు" అన్నాను.

మధ్యాహ్నం అతని భార్య గట్క పెట్టింది. మొక్కజొన్న రవ్వను చిక్కగా ఉడికించిన ముద్ద, పక్కన పచ్చిపులుసు, ఉల్లిగడ్డ. మేం చారు కాచుకుని తాగుతాం, వీళ్లు చింతపండు పచ్చిదే పిసికి పోసుకుంటారు. మంచి ఆకలి మీద మంచి భోజనం. పోశెట్టి సగం ముద్ద వదిలేసి లేచాడు.

పసుపు గిడ్డంగి

రెండో రోజు అతను పనిచేసే పసుపు కోల్డ్ స్టోరేజీకి తీసుకెళ్లాడు. ఎలుకల సంగతి తేల్చుకోవాలని. దారిలో బురదలో నా చెప్పు తెగింది. ఊళ్లో కుట్టేవాడికి ఇరవై ఇచ్చి, అది కుట్టే దాకా ఒంటి కాలి మీద నిలబడ్డాను. పోశెట్టి ఆ రెండు రోజుల్లో నవ్వింది అప్పుడొక్కసారే.

గిడ్డంగి లోపల చలికి నా పళ్లు కొట్టుకున్నాయి. బస్తాల మీద బస్తాలు, పైకప్పు దాకా పసుపు కొమ్ములు. ధర వచ్చేదాకా రైతులు ఇక్కడ దాచుకుంటారట. ఊరంతా వెతికిన వాసన ఇక్కడుంది, చల్లగా, మట్టి వాసనలా. గోడలు రెండు రేకుల మధ్య నురుగు. ఈ గోడలు తమ బరువు తాము మోస్తే చాలు, కప్పును ఇనప స్తంభాలు మోస్తాయి. చలి, చీకటి, నిశ్శబ్దం. నురుగుకు ఇంతకంటే సుఖమైన చోటు ఉండదనుకున్నాను.

ఒక మూల రేకు విప్పి పోశెట్టి పాత నష్టం చూపించాడు. ఎలుకలు నురుగులో గూడు పెట్టాయి. కొరికిన ముక్కలు తెల్లటి గింజల్లా కిందకు రాలి ఉన్నాయి. పెంటికలు, నమిలిన గోనె పీచు.

"మీ అక్క గదిలో ఇలాటివేమన్నా రాలాయా?"

"ఒక్క గింజ రాలలె. దినాం ఊడ్సేదే ఆమె." కాసేపు ఆ తెల్లటి గింజల్ని బూటుతో కదిపాడు. "అయితె ఎలుకలు గావు."

తనకు పలకలు అమ్మిన బోధన్ యార్డు మనిషిని అడుగుదామన్నాడు. నురుగు నాసిరకం అయ్యుంటుందని ఇద్దరికీ లోపల ఒక ఆశ. తప్పు ఇంకొకరిది కావాలని మనిషికి ఎంత తొందరో.

బోధన్ బస్సు

మూడో రోజు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది, పోశెట్టి వెనక ఎక్కడో కూర్చున్నాడు. జానకంపేట దాటాక పొలాలు మొదలయ్యాయి. చెరుకు సీమ అని చదివి వెళ్లాను, కనిపించిందంతా వరి. అక్కడక్కడ మాత్రం చెరుకు మళ్లు. పక్క సీటు రైతు ఒడిలో రెండు గడలు పెట్టుకున్నాడు. చెరుకు తగ్గిందేమని అడిగాను.

"మిల్లు బందువడ్డంక చెరుకు ఎవనికోసమే? దూరం తోలాలె. తోలినంక ఆడ లైన్ల నిలవడాలె. గివి మా బావ కాడికి తీస్కపోతున్న, తెగులు సూపిద్దామని." ఒక గడను మోకాలి మీద విరిచి చూపించాడు. పైన పచ్చగా, గట్టిగా ఉంది. లోపల ఎర్రబారి, మధ్యలో ఖాళీ. "పైన సూస్తె పెండ్లికొడుకు లెక్కుంటది. గాలొచ్చిన నాడు ఎరుకైతది."

మాది బెల్లం ఊరని, మా దగ్గరా ఈ తెగులు ఉందని చెప్పాను. "మీకు బెల్లమన్న ఉన్నది" అన్నాడు. దిగేటప్పుడు బాగున్న గడ నా చేతిలో పెట్టాడు. డబ్బు ఇవ్వబోతే, "ఏందన్న, చెరుకు కొనుక్కుంటరా?" అని కోప్పడ్డాడు. గడ పట్టుకుని దిగుతూ గొడుగు సీటు కింద మర్చిపోయాను. బస్సు మలుపు తిరిగాక గుర్తొచ్చింది.

బోధన్‌లో పొద్దుటి ఫలహారం అటుకుల పోహా, ఇరవై రూపాయలు, పైన సేవు చల్లి నిమ్మచెక్క పెట్టారు. బజారులో బేరాలు సగం మరాఠీలో నడుస్తున్నాయి. దూరంగా మిల్లు పొగగొట్టం వానలో నిలబడి ఉంది, పొగ లేకుండా. పొగ లేని పొగగొట్టానికి పక్షులు కూడా భయపడవు.

వేడి తీగ

యార్డు ఊరి చివర రేకుల షెడ్డు. చూసుకునేది నామ్‌దేవ్ అనే పెద్దాయన. మరాఠీ మాతృభాష, తెలుగు నడిచే భాష. పోశెట్టి చెప్పిందంతా విన్నాడు. "ఆగండి, గీ దిమ్మె కోసి వస్త" అని పనిలోకి పోయాడు.

ఆ కోత చూశాను. మనిషెత్తు నురుగు దిమ్మె. దాని ముందు అడ్డంగా బిగించిన సన్నటి తీగ. కరెంటు పెడితే తీగ వేడెక్కింది. ఎర్రబడను కూడా లేదు. మంట లేదు, పొగ దాదాపు లేదు. దిమ్మెను మెల్లగా నెట్టాడు. నేను దగ్గరగా వంగి చూశాను. తీగ నురుగును తాకనే లేదు. తాకకముందే నురుగు వెనక్కి తగ్గి దారి ఇచ్చింది. కోసిన ముఖం అద్దంలా నున్నగా ఉంది.

నేను పోశెట్టి వైపు తిరిగాను. అతను తీగనే చూస్తున్నాడు.

"కుంపటి" అన్నాడు.

బీడీ సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ కొంత చెప్పాలి. వానాకాలంలో చుట్టిన బీడీ చెమ్మ పడుతుంది. చెమ్మ బీడీని కార్ఖానాలో తీసుకోరు, చుట్టిన శ్రమ పోతుంది. అందుకని ఈ నాలుగు నెలలూ ప్రతి బీడీ ఇంట్లో కుంపటి ఉంటుంది. దాన్ని గోడకు ఆనించి పెడతారు. మట్టి గోడ వేడి పీల్చుకుంటుంది. కుంపటి ఆరిపోయాక కూడా చాలాసేపు వెచ్చగా ఉంటుంది. కట్టల్ని ఆ గోడ వెంట పేరిస్తే తెల్లారేసరికి గలగలమంటాయి. తల్లి నేర్పిన పద్ధతి, తల్లికి ఆమె తల్లి నేర్పింది. మట్టి గోడ ఉన్న ఇంట్లో అంతకంటే తెలివైన పద్ధతి లేదు.

నేను చదివి వినిపించిన పుస్తకంలో నిప్పు గురించి ఒక పేజీ ఉంది. దాచలేదు, అదీ చదివాను. నురుగుకు మంట పడదని, అందుకే మీద సిమెంటు పూత తప్పనిసరని, ఇల్లు అంటుకుంటే బయటపడేంతసేపు ఆ పూత కాపాడుతుందని ఉంది. మేం ఇద్దరం మంట గురించే ఆలోచించాం. వెచ్చదనం గురించి ఆలోచించలేదు. రోజంతా, నెలల తరబడి, పూతకు ఆనుకుని ఉండే వెచ్చదనం గురించి. ఆ గదిలో కూర్చునే మనిషి ఏం పని చేస్తుందో మా ఇద్దరికీ తెలుసు, పోశెట్టి గ్రంథాలయంలోనే చెప్పాడు. అయినా అడగలేదు.

నామ్‌దేవ్ అంతా గ్రహించాడు. "బఘా, సూడుండ్రి" అని షెడ్డు వెనక్కి తీసుకెళ్లాడు. కొనేవాళ్లకు చూపించడానికి పూత పూసిన పలక ముక్కలు అక్కడున్నాయి. మనిషి పొడుగు, మూరెడు వెడల్పు. ఒకదాన్ని రెండు రాతి దిమ్మెల మీద వంతెనలా పెట్టించాడు. దాని మీద వడ్ల బస్తాలు ఒక్కొక్కటే ఎత్తించాడు. ఎనిమిది అయ్యాయి. పలక నుంచి చప్పుడు లేదు. మీద పోశెట్టిని కూడా ఎక్కమన్నాడు, అతను ఎక్కలేదు.

రెండో ముక్క తీశాడు. ఇనప ఊచను పొయ్యిలో కాల్చి, పక్క నుంచి మధ్యలోకి గుచ్చాడు. చుయ్‌మంది. నాలుగైదుసార్లు అలా గుచ్చి, రెండు జానల మేర నురుగు లేకుండా చేశాడు. పైకి చూస్తే ఏమీ తెలియదు. పూత అలాగే ఉంది, లోపల తీగలూ అలాగే ఉన్నాయి. బస్తాలు పెట్టడం మొదలుపెట్టారు. ఒకటి. రెండు. మూడోది పెట్టి చెయ్యి తీస్తుండగానే పూత పటుక్కుమంది. పలక మధ్యలో మడతపడి కింద పడింది. లోపలి అడ్డతీగలు తడిసిన దారాల్లా వంగిపోయి ఉన్నాయి.

"కప్పు మీద మంచిగ వాన నిలుస్తె మూడు బస్తాలు గాదు, ముప్పై" అన్నాడు నామ్‌దేవ్. "ఆమెను ఇయ్యాల్నే దింపుండ్రి."

తిరుగు బస్సులో పోశెట్టి ఎడపల్లి దగ్గర అన్నాడు, "ఎలుకలని జెప్దామన్నా. తన చేత్తోనె ఖరాబైందని తెలిస్తె తట్టుకోదు. నా కోసం ఒక్క అబద్ధం ఆడు."

నేను సరే అన్నాను. మేస్త్రిగా గోడ గురించి అబద్ధం చెప్పడానికి ఒప్పుకోవడం నా జన్మలో అదే మొదలు.

గోడ లోపల

ఆ సాయంత్రమే సాయవ్వను కింద పడుకోమన్నాం. ఎందుకని అడిగితే, "ఎలుకలు అక్కా, గోడల చొచ్చినయ్" అన్నాడు పోశెట్టి. ఆమె నవ్వింది. "కింద తినడానికి దొరకలేదా వాటికి, మేడెక్కినయ్?" రాత్రంతా వెనక గదిలోంచి దగ్గు వినిపించింది.

నాలుగో రోజు పొద్దున నీలగిరి కర్రలు తెచ్చి కప్పు కింద ఆసరా పెట్టాం. కట్టలన్నీ పక్కకు తీశాం. కుంపటి ఆర్పి మెట్ల మీద పెట్టాం. సాయవ్వ గడప దగ్గర కూర్చుంది. వద్దంటే వినలేదు. "నా గోడ. నేన్ సూస్త."

ఉలి పట్టింది నేనే. మోకాలి కింద జానెడు మేర పూత తొలిచాను. ముక్క లోపలికి పడింది, పడి కిందకు జారిన చప్పుడు వినపడింది. వల కత్తిరించి తెరిచాను. నురుగు ఉండాల్సిన చోట చీకటి. టార్చి వేశాను. ఖాళీ గోడ పొడవునా సొరంగంలా సాగిపోయింది. అడుగున, పైన, వెనక్కి తగ్గిన నురుగు గాజులా మెరుస్తోంది. బయటి వైపు పూతకు అంటుకుని రెండు వేళ్ల మందం మిగిలింది, అంతే.

సాయవ్వ లేచి వచ్చింది. మమ్మల్ని అడగలేదు. చెయ్యి లోపలికి పెట్టింది, మోచెయ్యి దాకా పోయింది. లోపల తడుముతూ కాసేపు ఉంది.

"ఎలుకలైతె కొరికిన గుర్తులుండాలె" అంది. "గిది నున్నగున్నది. అద్దం లెక్క."

పోశెట్టి కిటికీ వైపు తిరిగాడు.

ఆమె చెయ్యి తీసి, మెట్ల మీది కుంపటి చూసింది. గోడకు తొలిచిన కంత చూసింది. రెండూ ఒకే ఎత్తు.

"నా కుంపటేనా, తమ్మీ?" అని నన్నడిగింది. తమ్ముణ్ణి కాదు.

ఒప్పుకున్న అబద్ధం నోటికి రాలేదు. "అవునక్కా. లోపలి నురుగు వేడికి కరుగుతుంది. నిప్పు తగలక్కర్లేదు" అన్నాను.

"ఒక్క కాడ పెడితె ఒక్క కాడనే కరగాలె గద. గోడంతెట్ల పోయింది?"

అంతలో ఆమే అంది, మెల్లగా. "నేనే జరిపిన. గోడకు శెయ్యి పెడితె సుర్రుమంటుండె. కొత్త గోడ, పాపం కాలుతదని, దినాం జెర జెర జరిపిన. గీడి నుంచి గాడి దాంక."

"అక్కా, నువ్వు జేసింది తప్పు గాదే" అన్నాడు పోశెట్టి. "నేను జెప్పలె. నాకెరుకుండాలె."

"నువ్వు మొగోనివి. కుంపటి ముచ్చట నీకేం ఎరుక?" అంది. కోపంగా అనలేదు. అది అతన్ని ఇంకా కుంగదీసింది.

మళ్లీ కట్టొచ్చా అని అడిగింది. ఉన్నది చెప్పాను. గోడ మొత్తం తియ్యాలి. దాని మీది కప్పూ దించాలి. కొత్త పలకలు వెయ్యొచ్చు. పోశెట్టి చేతిలో ఉన్నదంతా ఈ గదికే పెట్టేశాడు, మళ్లీ కూడబెట్టాలంటే ఎన్నేళ్లో అతనికే తెలియదు. అప్పటిదాకా ఆమె కిందే ఉండాలి.

ఆమె తల ఊపింది. చాలాసేపు కిటికీలోంచి చూసింది. మబ్బు తప్ప ఏమీ లేదు.

"మరి ఎంత దూరం పెడితె అయిపోతుండె?"

"ఏటి?"

"కుంపటి. గోడకు ఎంత దూరం పెడితె గోడ మంచిగుంటుండె?"

చెప్పాలనిపించలేదు. చెప్పకుండా ఉండటం ఇంకా అన్యాయమనిపించింది. నా ముంజేయి చాపి చూపించాను. "మూర. మూరెడు దూరం జరిపుంటే చాలక్కా."

సాయవ్వ గోడ దగ్గర నేల మీద కూర్చుంది. మోచెయ్యి గోడకు ఆనించి, ముంజేయి నేల మీద చాపింది. వేళ్లు ఆగిన చోటు చూసుకుంది.

"గంతేనా?" అంది.

మెట్ల కింద, సాయవ్వకు చోటు చెయ్యడానికి పోశెట్టి భార్య వెనక గదిలోని సామాను బయటికి జరుపుతున్న చప్పుడు. ఆసరా కర్రల మధ్య సాయవ్వ అలాగే కూర్చుంది. నేల మీది చెయ్యి తియ్యలేదు.